నడిగోదారి దాకా

మా రేవులో పంటు ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే ముందుగా చిక్కాల ఏడుకొండలు గేదె సంగతి చెప్పాలి.

ఏడుకొండలు ఒకరోజు పొద్దున్నే మా రేవులో పంటెక్కి గోదావరి దాటాడు. అవతలి ఒడ్డున దిగాక టీ తాగుదామా వద్దా అని కాస్త ఆలోచించి, తాగాడు. ఆ టీ కొట్టు దగ్గర పశువుల బేరగాడు కలిశాడు. బేరగాడు ఒక గేదెను చూపించాడు. ఏడుకొండలు కొన్నాడు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఆ గేదె అతన్ని మోకాలి మీద తన్నింది. కాలికి కట్టు వేయించుకుని మంచంలో పడుకున్న ఏడుకొండలు ఈ వరుసనంతా వెనక్కి తలుచుకుంటూ పోయి, చివరికి పంటు దగ్గర ఆగాడు. గేదెను అడగడానికి లేదు. బేరగాడు దొరకలేదు. టీ కొట్టువాడు స్వయానా బావమరిది. కనక తప్పంతా పంటుదేనని పైవాళ్ళకు అర్జీ పెట్టుకున్నాడు.

పైవాళ్ళు నవ్వి అవతల పారేస్తారనుకున్నాం. పారెయ్యలేదు. పారేస్తే ఏమవుతుందోనని భయపడ్డారు.

అలా మా రేవుకు దూరదృష్టి విభాగం వచ్చింది. ఒక బోర్డు, ఒక పెద్ద గొడుగు, ఒక కుర్చీ, ఆ కుర్చీలో పరాంకుశం గారు. ఆయన హోదా దూరదృష్టి అధికారి. వచ్చిన రోజునే ఇసుకలో నిలబడి ఉపన్యాసం ఇచ్చారు.

"ప్రియమైన ప్రయాణికులారా! ఇంతకాలం ఈ రేవులో నిర్ణయాలు అత్యంత నిర్లక్ష్యంగా తీసుకోబడ్డాయి. మునిగిపోవడమనేది తెలిసిన ప్రమాదం. దానికి లైఫ్ జాకెట్లు ఉన్నాయి. తెలిసిన ప్రమాదాలంటే మన విభాగానికి బెంగ లేదు. తెలియని పర్యవసానాల మాటేమిటి? ఇకమీదట పంటెక్కదలచినవారు, తమ ప్రయాణం వల్ల తమకు తెలియకుండా జరగబోయే వాటన్నింటినీ ముందుగా తెలియపరచవలసి ఉంటుంది."

పంటు నడిపే సరంగు మల్లాడి పోలయ్య చెవి గోక్కున్నాడు. "తెలీనియ్యి ఎలాగ చెప్తారండి?"

"ఆ ఇబ్బంది ఉండబట్టే విభాగం స్థాపించబడింది" అన్నారు పరాంకుశం గారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మాట నచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టకముందే అవి పొంగిపోయిన తర్వాతి సంగతులు ఆలోచించే మనిషిని నేను. మా ఇంటి నుంచి ఎవరు బయల్దేరినా వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడతాను. మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడతాను. అలా వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళున్నారు, అందుకని. ఇన్నాళ్ళూ అందరూ నన్ను చూసి నవ్వారు. ఇప్పుడు ఆ పనికి ప్రభుత్వం కుర్చీ వేసింది.

వరసలో మొదట నిలబడింది వంకాయలమ్మే సూరమ్మ. నెత్తిన గంప.

"ఎక్కడికి?" అన్నారు పరాంకుశం గారు.

మా వైపు బయల్దేరిన మనిషిని అలా అడగరు. అడిగితే ఆ పని చెడినట్టే. వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. సూరమ్మ గంప దించింది, కూర్చుంది, ఎవరి దగ్గరో చెంబు పుచ్చుకుని నీళ్ళు తాగింది. గంప ఎత్తుకుని మళ్ళీ ముందుకొచ్చింది.

"సరే, మొదటి నుంచి. ఎక్కడికి?"

సూరమ్మ గంప దించింది.

రేవులో నీళ్ళ చెంబులన్నీ ఖాళీ అయ్యాక ఎవరో ఆయన చెవిలో సంగతి ఊదారు. విభాగం వెంటనే ఆ ప్రశ్నను సవరించింది. "చేరబోవు స్థానం?" అని అడగసాగారు. దానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అది ప్రశ్న అని చాలామందికి తెలియను కూడా తెలియలేదు.

"సంతకండి" అంది సూరమ్మ.

"ఈ వంకాయలు ఎవరు కొంటారు?"

"కొన్నోళ్ళు కొంటారు."

"కొన్నవారింట కూర వండబడుతుంది. అందులో ఉప్పు ఎక్కువవుతుంది. భార్యాభర్తలు మాటా మాటా అనుకుంటారు. ఆమె పుట్టింటికి వెళ్ళిపోతుంది. దీనికి మీ సమాధానం?"

"నేను ఉప్పమ్మట్లేదండి బాబూ!"

"ఉప్పుకు అవకాశం కల్పించేది మీ వంకాయే కదా!"

సూరమ్మ మళ్ళీ గంప దించింది. పక్కకు నిలబెట్టారు. పంటు ఆ రోజు సాయంత్రానికి ఒక్కసారి కదిలింది. అందులో ఒక్కడే ప్రయాణికుడు. ఎందుకు వెళ్తున్నాడో మర్చిపోయినవాడు.

మీకు అనుమానం రావచ్చు, వంతెన లేదా అని. ఉంది. కట్టడం ఎప్పుడో పూర్తయింది. తెరిస్తే ఏమవుతుందో తేలక తెరవలేదు. నాటుపడవలన్నీ విభాగంవాళ్ళే ఒడ్డున బోర్లించి తాళ్ళు కట్టేశారు.

సరిగ్గా ఈ రోజుల్లోనే అక్క ప్రయాణం వచ్చిపడింది.

మా అక్క వేగులమ్మది అవతలి ఒడ్డు, నాది ఇవతలి ఒడ్డు. పెళ్ళిళ్ళయిన నాటి నుంచీ మా మధ్య గోదావరి ఉంది. ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరం పంటెక్కేవాళ్ళం. అక్క కూతురు సత్యవేణి ఫోను చేసింది. "పిన్నీ, అమ్మని భిలాయి తీసుకుపోతన్నాను. ఇంక మా దగ్గరే ఉంటాది. శుక్రవారం సాయంత్రం రైలు. నువ్వో మాటొచ్చి వెళ్ళు."

వెళ్ళొద్దని చెప్పమను మీ అమ్మకి, అనబోయాను. కానీ అంటే అక్క ఉండిపోతుంది. ఉండిపోయాక మోకాళ్ళ నొప్పులు ముదిరితే? రాత్రివేళ కళ్ళు తిరిగి పడితే? సత్యవేణి జీవితమంతా నా పేరు చెప్పుకుని తిట్టుకుంటే? ఇవన్నీ ఒక్క గుక్కలో ఆలోచించి, "మంచి పని చేస్తున్నావమ్మా" అన్నాను.

మర్నాడే చీర కొంగులో రెండు తమలపాకులు ముడేసుకుని రేవుకు వెళ్ళాను.

"చేరబోవు స్థానం?"

"మా అక్క ఇల్లండి."

"ప్రయోజనం?"

"చూడటం."

"చూస్తే ఏమి జరుగును?"

"ఏడుస్తామండి."

"ఏడుపు తెలిసిన పర్యవసానం, అమ్మా. తెలియనివి సెలవియ్యండి."

నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఈ జన్మలో ఆయనొక్కరే. మొదలుపెట్టాను. నేను ఏడిస్తే అక్క బెంగపెట్టుకుంటుంది, బెంగతో రైలెక్కితే రైల్లో అన్నం తినదు, తినకపోతే నీరసం, నీరసంలో దిగేటప్పుడు కాలు జారితే, జారినప్పుడు పట్టుకోబోయి సత్యవేణి పడితే, సత్యవేణి మొగుడు ఆ రోజు డ్యూటీకి వెళ్ళకపోతే, వెళ్ళక ఉద్యోగానికి మాటొస్తే... పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడి విన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"అమ్మా! మీవంటి పౌరులు దేశానికి నలుగురుంటే చాలు. ఇంత సమగ్రమైన ఆలోచన నేను చూడలేదు."

"అయితే ఎక్కనా బాబూ?"

"ఇన్ని పర్యవసానాలున్న ప్రయాణాన్ని అనుమతించే ప్రశ్నే లేదు."

వెనక్కి తిరిగాను. తిరిగేసరికి అక్కడ ఇంకో కుర్చీ ఉంది. వెళ్ళడానికే పర్యవసానాలుంటాయా, వెళ్ళకపోవడానికి ఉండవా అని పట్నంలో ఎవరో పెద్దమనిషి అడిగారట. అడిగిన వెంటనే విభాగం సిగ్గుపడి, హైమవతి గారిని వేసింది. ఆవిడ వెళ్ళకపోవడాల అధికారిణి.

"ఇంటికి మరలుచున్నారా? మీ అక్కగారిని చూడకపోతే ఏమగును?"

అదీ చెప్పాను. అసలు రాత్రంతా ఆలోచించింది అదే. ఆవిడ రుమాలుతో కళ్ళు ఒత్తుకుని, "ఇన్ని పర్యవసానాలు పెట్టుకుని మిమ్మల్ని ఇంటికి పోనిస్తే నా ఉద్యోగానికి అర్థమేముంది?" అన్నారు.

ఇక రెండు కుర్చీల మధ్య ఇసుకలో కూర్చోవడమే మిగిలింది. నాకన్నా ముందే అక్కడ సగం ఊరుంది. సూరమ్మ మూడు రాళ్ళు పేర్చి వంకాయలు కాలుస్తోంది.

"రా పాపాయమ్మా, కూకో. ఉప్పు మాత్రం లేదు. ఏశానంటే ఎవురి కాపరమో కూలిపోద్దంట" అంది.

గురువారం దాకా అలా గడిచింది. పూటపూటకూ వంతులవారీగా అన్నానికి పంపేవారు, ఆకలి పర్యవసానం తెలిసినదే కనక. నాకు మాత్రం ముద్ద దిగలేదు. శుక్రవారం సాయంత్రం రైలు. అవతలి ఒడ్డు కళ్ళెదురుగా కనిపిస్తోంది. కొబ్బరిచెట్ల వెనక అక్క ఇంటి పెంకులు కూడా కనిపిస్తున్నాయేమో అనిపించేది.

గురువారం మధ్యాహ్నం ఇద్దరు అధికారులూ గొడుగు కింద సమావేశమై, చేతులు కలుపుకుని బయటికొచ్చారు.

"వెళ్ళడం తగదు. వెళ్ళకపోవడమూ తగదు" అన్నారు పరాంకుశం గారు.

"కావున పంటు నడిగోదారి దాకా వెళ్ళును" అన్నారు హైమవతి గారు. "అవతలి ఒడ్డు పంటు కూడా అక్కడి దాకా వచ్చును. రెండూ పక్కపక్కన కాసేపు నిలిచి, ప్రయాణికులు ఒకరినొకరు చూసుకున్న పిమ్మట, ఎవరి ఒడ్డుకు వారు మరలిపోవుదురు. రోజుకు ఒక పర్యాయం."

"మజ్జిలో ఎక్కడాపాలో తెలియొద్దాండి?" అన్నాడు పోలయ్య. "నీళ్ళ మీద గీత గీసిస్తారా?"

గీత బదులు నీలం పీపా ఒకటి లంగరేసి తేలగట్టారు. జిల్లా మొత్తం మీద ఏమీ జరగని రేవు మాదొక్కటేనని పేపర్లో వచ్చింది. నేను రెండుసార్లు చదివాను, మెచ్చుకోలో తిట్టో తేలలేదు.

శుక్రవారం పొద్దున్న అధికారులిద్దరినీ కూడా ఎక్కించుకుని పంటు కదిలింది. పీపా దగ్గరికొచ్చేసరికి అవతలి పంటు కూడా చప్పుడు చేసుకుంటూ వచ్చి పక్కన చేరింది. తాళ్ళతో కలిపి కట్టారు. మధ్యన జానెడు ఖాళీ, కింద గోధుమరంగు నీళ్ళు. అటు చివర, జనం తలల మధ్య అక్క నెరిసిన ముడి కనిపించింది. చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

ఇంతలో సూరమ్మ తన గంపను అవతలి పంటులోకి అందించింది. గంప వెనక ఒక కాలు వేసింది. ఆ కాలు వెనక రెండోది. ఒక్క క్షణం అందరూ ఆమెను చూశారు. ఆ తర్వాత ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు, మూటలూ కోళ్ళూ పిల్లలతో సహా దాటడం మొదలుపెట్టారు.

"సార్, నది దాటేస్తున్నారు!" అన్నారు హైమవతి గారు.

పరాంకుశం గారు ఆలోచించారు. "నది దాటడం లేదు. పంటు మారుతున్నారు. పంటు మారడం మన పరిధిలోకి రాదు."

నేను ముందువైపు నుంచి దాటాను. జనాన్ని తోసుకుంటూ అక్క నిలబడ్డచోటికి వెళ్ళాను. అక్కడ అక్క లేదు. తాళ్ళు విప్పేశారు. ఇంజన్లు అందుకున్నాయి. తలెత్తి చూస్తే, దూరమవుతున్న మా పంటులో, ఇందాక నేను నిలబడ్డచోట, అక్క.

"పాపాయ్! అక్కడేం చేత్తన్నావే!"

"నీకోసమే వచ్చానక్కా! నువ్వక్కడేం చేస్తున్నావు?"

"నీకోసమేగదే!"

తర్వాత మాటలు నీళ్ళలో కలిసిపోయాయి.

అవతలి రేవులో సత్యవేణి సామాన్ల మధ్య నిలబడి ఉంది. ఆటో కూడా సిద్ధంగా ఉంది.

"పిన్నీ, అమ్మేది?"

"మా ఇంటికెళ్ళిందమ్మా."

"మరి నువ్వు?"

"మీ ఇంటికొచ్చాను."

సత్యవేణి పెట్టె మీద కూలబడింది. రైలు వెళ్ళిపోయింది. మర్నాటి సాయంత్రానికి మళ్ళీ టిక్కెట్లు తీసుకుంది. సాయంత్రం అక్క మా పక్కింటివాళ్ళ ఫోనులోంచి మాట్లాడింది. తన ఫోను సర్దిన పెట్టెలో ఉండిపోయింది. ముగ్గురం స్పష్టంగా అనుకున్నాం. రేపు నేను కదలను. అక్క దాటి వస్తుంది. అటునుంచి అటే రైలుకు.

"కదలకు పాపాయ్. దేవుడొచ్చి పిలిచినా కదలకు" అంది అక్క.

కదలను అనే అన్నాను. కానీ పొద్దున్న సత్యవేణితో పంటెక్కాక నా ఆలోచన ఊరుకుంటుందా? ఆ జానెడు ఖాళీ మాటేమిటి? నిన్న ఏదో హడావిడిలో దాటేసింది కానీ, ఇవాళ చూసి అడుగేస్తుంది. చూసి వేసిన అడుగే తడబడుతుంది. నేను కదలనని మాటిచ్చాను గనక కదలనని అక్క నమ్ముతుందా? చిన్నప్పటి నుంచీ నన్నెరిగిన మనిషి. నేను ఆగలేక కదులుతానని తెలిసి తను ఆగిపోతే? నేను మాట నిలబెట్టుకోవడం వల్లే ఇద్దరం ఆగిపోయి, ఎవరి పంటులో వాళ్ళం...

పంట్లు ఆనుకున్నాయి. నేను దాటేశాను.

అక్క పంటులో బల్ల మీద కూర్చునే ఉంది.

"నేను వస్తానని తెలిసే ఆగావు కదూ!" అన్నాను రొప్పుతూ.

"తెలియడమా పాడా? కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చాయే. లెగలేకపోయాను."

అవతలి పంటులోంచి సత్యవేణి కేకేసింది. "అమ్మా! లే! తాడు విప్పేత్తన్నారు! పిన్నీ, చెయ్యందియ్యి అమ్మకి!"

చెయ్యి అందించాను. అక్క లేచి, నన్ను పట్టుకుని అంచు దాకా వచ్చింది. అధికారులిద్దరూ అక్కడే ఉన్నారు.

"ఒక్క నిమిషం" అన్నారు పరాంకుశం గారు. "నిన్నటి గందరగోళం దృష్ట్యా పంటు మారడం కూడా పరిధిలోకి తీసుకోబడింది. అమ్మా, మీరు దాటితే తెలియకుండా ఏమి జరగబోవును?"

"నాకు తెలీదు నాయనా" అంది అక్క.

"దాటకపోతే?" అన్నారు హైమవతి గారు.

"అదీ తెలీదమ్మా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రేవులో ఇన్నాళ్ళుగా ఆ మాట అన్నవాళ్ళు లేరు.

"సరైన సమాధానమే సార్" అన్నారు హైమవతి గారు గొంతు తగ్గించి. "అడిగింది తెలియనిదే కదా."

"అయితే ఇప్పుడు మనమేం చెయ్యాలి?"

"తెలియదు సార్."

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. వెళ్ళనా?"

భిలాయిలో పెద్దాసుపత్రి ఉంది. ఇక్కడ నాకూ మోకాళ్ళ నొప్పులే. అక్కడ చలి ఎక్కువ. ఇక్కడ పంటు సగం దాకానే. అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. పోలయ్య తాడు చివరి మెలిక విప్పుతున్నాడు.

"వెళ్ళకక్కా."

అక్క నా చెయ్యి వదల్లేదు. పంట్ల మధ్య జానెడు బారెడయ్యింది.

"ఏంటి పిన్నీ నువ్వనేది!" సత్యవేణి రెయిలింగు మీదికి వంగి అరిచింది. "ఈ ముక్క నేను ఫోను చేసినప్పుడే చెప్పొచ్చుగా! అమ్మకోసం మా ఆయన స్నానాల గదిలో గోడకి పైపు కూడా బిగించాడు, పట్టుకోడానికి!"

"నన్ను తీసుకెళ్ళమని నేనడిగానా?" అంది అక్క.

"అడక్కపోతే బాధపడతావని నేనే అడిగాను!"

"వద్దంటే నువ్వు బాధపడతావని నేను సరేనన్నాను!"

రెండు పంట్లలో జనమంతా ఇటొకసారి అటొకసారి తలలు తిప్పుతున్నారు. సూరమ్మ నోరు నొక్కుకుంది. "ఎవురూ ఎవుర్నీ బాదపెట్టకుండా ఎంత బాదపడ్డారే తల్లీ!"

సత్యవేణికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. పోలయ్య "సంచి ఇసరండి, సంచి!" అని అరిస్తే, సత్యవేణి వాళ్ళమ్మ బట్టల సంచిని బలంగా విసిరింది. వచ్చి పరాంకుశం గారి ఒళ్ళో పడింది.

"పెట్టె పంపిత్తానమ్మా! మందులు ఏసుకో!"

"నువ్వు వెళ్ళిరా తల్లీ!"

"వెళ్ళొత్తానమ్మా! వేసవికొత్తాను!"

ఆ పంటు లంక చాటుకు తిరిగేదాకా నిలబడి చూశాను. తిరిగాక కూడా నిలబడ్డాను.

"ఇంకేం చూస్తావే, కనబడట్లేదుగా" అంది అక్క.

ఆ తర్వాతి సంగతులు కొద్దిగా చెప్పాలి. నడిగోదారి విధానం విజయవంతమైందని తేలింది. ఒక్క పంటు కూడా నది దాటలేదు, ఒక్క ప్రయాణికుడు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. పరాంకుశం గారికి పెద్ద హోదా వచ్చి, వంతెన అప్పగించారు. దానిని రెండు వైపుల నుంచీ సగం సగం తెరిచారు. బస్సులు నట్టనడుమ దాకా వెళ్ళి, మనుషుల్ని మార్చుకుని వెనక్కొస్తున్నాయి. ఏడుకొండలు గేదె ఈనింది. చిక్కటి పాలు ఇస్తోంది. ఆ ఘనత పంటుకే దక్కాలని అతను అర్జీ ఏమీ పెట్టుకోలేదు.

ఆ రోజు మాత్రం మేమిద్దరం రేవు నుంచి మెల్లగా నడిచి ఇంటికొచ్చాం. అక్క సంచి మూలన పెట్టి, అరుగు మీద కాళ్ళు చాపుకుంది.

"ఏం వండుకుందామే?"

"పులుసు పెడదామా? నీ మోకాళ్ళకు పడదేమో. పప్పంటే వాతం. చారంటే నోటికి సరిపోదంటావు. వంకాయలున్నాయి గానీ..."

"పాపాయ్."

"ఊఁ?"

"ముందు కాసిని కాఫీ నీళ్ళు పొయ్యవే."

పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగుతాయేమోనని పక్కనే నిలబడ్డాను. అక్క కూడా గోడ పట్టుకుని లేచి వచ్చి నా పక్కన నిలబడింది. సత్యవేణి సంచి విసిరినప్పుడు పరాంకుశం గారి మొహం ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరం నవ్వుకుంటున్నాం. పొయ్యి చుయ్యిమంది. చూసేసరికి గట్టంతా పాలు.

"పొంగిపోయాయక్కా" అన్నాను.

"పొంగనీలే, మంచిదే" అంది అక్క.